వంటింట్లో బేస్‌బోర్డ్ తీసేస్తే వెచ్చదనం ఎక్కడి నుంచి?

ప్రశ్న: మాది న్యూజెర్సీలోని ఎడిసన్. 1964లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. బేస్‌మెంట్‌లో గ్యాస్ బాయిలర్ ఉంది, దాని పొగ చిమ్నీలోకి వెళ్తుంది. గదులన్నిటికీ వేడినీళ్ల బేస్‌బోర్డ్ హీటింగే, అంటే గోడల అడుగున నేల వెంట సాగే వేడినీళ్ల పైపులే. ఇప్పుడు వంటిల్లు మొత్తం మార్పిస్తున్నాం. బయటి గోడల వెంట ఉన్న 14 అడుగుల బేస్‌బోర్డ్ తీసేసి అక్కడ కేబినెట్లు పెట్టాలి. డైనింగ్ వైపు 5 అడుగుల ఖాళీ గోడ ఒక్కటే మిగులుతుంది. కాంట్రాక్టర్ ‘కేబినెట్ కింద కిక్‌స్పేస్ హీటర్ పెట్టి పాత లైన్లోనే కలిపేస్తాను, ఒక్కరోజు పని’ అంటున్నారు. మావారేమో కరెంటుది పెట్టించుకుంటే గొడవ ఉండదంటున్నారు. నా స్నేహితురాలు ఆ ఫ్యాను మోత భరించలేమంటోంది. చలికాలంలో అత్తయ్యగారు గుంటూరు నుంచి వస్తున్నారు. ఆవిడ తెల్లవారుజామున ఐదింటికే వంటింట్లో ఉంటారు, షుగర్ కూడా ఉంది. మా వంటలకి గట్టిది కావాలని పొయ్యి మీద పొగ లాగే హుడ్ కూడా చూశాం, 900 సీఎఫ్‌ఎంది, అంటే నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలి లాగేది. వచ్చే నెల కేబినెట్లు ఆర్డర్ చెయ్యాలి. ఏం చెయ్యాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: కేబినెట్లు ఆర్డర్ చెయ్యకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. మీ వంటింటికి కిక్‌స్పేస్ హీటర్ సరిపోయే వస్తువే. కానీ కాంట్రాక్టర్ చెప్పిన పద్ధతిలో, అంటే ‘పాత లైన్లో కలిపేసి’ మాత్రం వద్దు. ఏ హీటర్ కొనాలన్నది చిన్న విషయం. వేడినీళ్లు దానిలోకి ఏ దారిన వెళ్లి ఏ దారిన బయటికి వస్తాయన్నదే అసలు విషయం. వంటిల్లు ఎంత వెచ్చగా ఉంటుందో, దాని తర్వాతి గదుల గతి ఏమిటో కూడా ఆ దారే తేలుస్తుంది.

ఈ వస్తువు పేరు చాలామందికి కొత్త కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. కింది కేబినెట్ ముందు నిలబడితే మన కాలివేళ్లు లోపలికి పోయేలా నేల దగ్గర కాస్త ఖాళీ వదులుతారు. దాని ఎత్తు సుమారు 4 నుంచి 4½ అంగుళాలు, లోతు 3 అంగుళాలు. ఆ ఖాళీ వెనక, కేబినెట్ అడుగున పట్టేంత పొట్టి పెట్టె ఈ హీటర్. అందులో రాగి గొట్టం, దాని చుట్టూ అల్యూమినియం రేకులు, ఒక చిన్న ఫ్యాను ఉంటాయి. బాయిలర్ నుంచి వచ్చిన వేడినీళ్లు గొట్టంలో తిరుగుతుంటే ఫ్యాను గదిలోని గాలిని లాగి, వేడెక్కించి బయటికి ఊదుతుంది. బీకన్ మోరిస్ వాళ్ల ట్విన్‌ఫ్లో, స్మిత్స్ వాళ్ల క్వైట్ వన్, మైసన్ వాళ్ల విస్పా ఈ రకానివే. బేస్‌బోర్డుకి ఫ్యాను ఉండదు, గాలి దానంతట అదే వేడెక్కి పైకి లేస్తుంది కాబట్టి దానికి పొడవైన గోడ కావాలి. దీనికి ఫ్యాను ఉంది కాబట్టి రెండడుగుల చోటు చాలు.

ముందు లెక్క చూద్దాం. చాలామంది ‘14 అడుగులు తీస్తున్నాం కాబట్టి 14 అడుగులకి సమానమైన హీటర్ కావాలి’ అనుకుంటారు. 180 డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్లతో మామూలు బేస్‌బోర్డ్ అడుగుకి గంటకి సుమారు 580 బీటీయూల వేడి ఇస్తుంది. బీటీయూ అంటే వేడికి ఒక కొలత. ఆ లెక్కన మీ 14 అడుగులూ 8,000 బీటీయూలు. అయితే ఆ రోజుల్లో కట్టిన ఇళ్లలో గోడ ఎంత పొడవుంటే అంత పొడవూ బేస్‌బోర్డ్ వేసేసేవారు. గదికి నిజంగా ఎంత కావాలో చూసి వేసింది తక్కువ. మీ వంటిల్లు 12 బై 14 అనుకుందాం. రెండు పక్కలా బయటి గోడలు, 30 చదరపు అడుగుల కిటికీలు, పెరట్లోకి ఒక తలుపు, పైన పడకగది. బయట 10 డిగ్రీలు, లోపల 70 డిగ్రీలు ఉన్న రాత్రి గోడల నుంచి, కిటికీల నుంచి, తలుపు నుంచి, సందుల్లోంచి దూరే గాలి వల్ల పోయే వేడి అంతా కలిపినా గంటకి 3,000 నుంచి 4,000 బీటీయూల మధ్యే తేలుతుంది. గోడల్లో ఇన్సులేషన్ అసలు లేకపోతే 5,000 దాకా పోవచ్చు. ఎలాగూ గోడలు విప్పుతున్నారు కాబట్టి ఆ లోటు ఉంటే ఇప్పుడే పూడ్చేయండి. వంటింటి పనిలో అంతకంటే లాభమైన ఖర్చు ఇంకోటి లేదు.

ఇది నేను అంచనాకి వేసిన లెక్క. మీ ఇంటి కొలతలతో సరిగ్గా వెయ్యమని హీటింగ్ వాళ్లని అడగండి. మాన్యువల్ జె అనే పద్ధతి ఉంది, ఆ పేరు చెప్తే వాళ్లకి అర్థమవుతుంది. వంటింటికి, డైనింగ్‌కి మధ్య గోడ తీసేసే ఆలోచన ఉంటే మాత్రం రెండు గదులూ కలిపి వెయ్యాలి. అప్పుడు అంకెలు మారిపోతాయి.

లెక్క 3,000 దగ్గర తేలితే మీకు ఇంకో దారి కూడా ఉంది. ఆ 5 అడుగుల ఖాళీ గోడకి కొత్త బేస్‌బోర్డ్ పెట్టినా 2,900 బీటీయూలు వస్తాయి. హై అవుట్‌పుట్ రకం వేస్తే అంతకంటే ఎక్కువే. గోడకి తగిలించే పల్చటి ప్యానెల్ రేడియేటర్ పెట్టినా బాగుంటుంది. వీటికి ఫ్యాను లేదు, మోత లేదు, దుమ్ము పట్టి ఆగిపోయే భాగం లేదు. ఖాళీ గోడ ఉన్న ఇంట్లో నేను మొదట చెప్పేది ఇదే. లెక్క 4,000 దాటినా, ఆ గోడ దగ్గర బల్ల వేసుకోవాలని ఉన్నా, సింకు దగ్గర కాళ్లు చల్లబడతాయన్నదే మీ అసలు బాధ అయినా కిక్‌స్పేస్ హీటర్ వైపు వెళ్లండి. మీ ఉత్తరం చదివితే నాకు రెండోదే మీకు తగినదనిపిస్తోంది.

కిక్‌స్పేస్‌లో ఏ సైజు తీసుకోవాలి? 180 డిగ్రీల నీళ్లతో చిన్న సైజువి 4,000 చుట్టూ, మధ్య సైజువి 8,000 చుట్టూ ఇస్తాయి. ఫ్యానుకి సాధారణంగా రెండు వేగాలుంటాయి. చిన్నది కొని ఎప్పుడూ గట్టిగా తిప్పడం కంటే మధ్య సైజు కొని నెమ్మది వేగంలో నడపడం మేలు. మీ స్నేహితురాలు చెప్పిన మోత చాలావరకు ఎక్కువ వేగంలో వచ్చేదే. నెమ్మది వేగంలో కూడా శబ్దం అసలు ఉండదని చెప్పను, చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే వినపడుతుంది. కుక్కర్ విజిల్, మిక్సీ తిరిగే వంటింట్లో మాత్రం అది పట్టించుకునేంత ఉండదు. కొన్ని ఇళ్లలో ఫ్యాను కంటే దాని అదురుకి కేబినెట్ చెక్క చేసే చప్పుడే ఎక్కువ. పెట్టె కింద రబ్బరు దిమ్మలు వేసి, చెక్కకి ఎక్కడా ఆనకుండా బిగిస్తే అది పోతుంది.

మధ్య సైజు తీసుకోవడానికి ఇంకో కారణం ఉంది. మీ బాయిలర్ పాతదైతే కొన్నేళ్లలో మారుస్తారు. పొగలో పోయే వేడిని కూడా పట్టి వాడుకునే కండెన్సింగ్ బాయిలర్లు ఇప్పుడొస్తున్నాయి. అవి గ్యాస్ ఆదా చెయ్యాలంటే నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు. తిరిగొచ్చే నీళ్లు 130 డిగ్రీల లోపు ఉంటేనే వాటి ఆదా పూర్తిగా దక్కుతుంది. నీళ్లు 140 డిగ్రీలే ఉన్నప్పుడు బేస్‌బోర్డ్ ఇచ్చే వేడి 180 దగ్గర ఇచ్చేదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ. కిక్‌స్పేస్ హీటర్‌కీ అదే తీరున తగ్గుతుంది. ఇవాళ 4,000కి సరిగ్గా సరిపోయేది కొంటే ఆ రోజు చాలదు.

ఇక నీళ్ల దారి. మీరు కాసేపు బేస్‌మెంట్‌లోకి వెళ్లి పైకి చూడండి. మీ కాలం నాటి ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఒకే వరస పద్ధతి. బాయిలర్ నుంచి బయల్దేరిన ముప్పావు అంగుళం పైపు హాలు బేస్‌బోర్డులోకి వెళ్లి, అక్కడి నుంచి డైనింగ్‌కి, అక్కడి నుంచి వంటింటికి, అలా అన్నిట్లోంచీ ఒకదాని తర్వాత ఒకటిగా తిరిగి బాయిలర్‌కి చేరుతుంది. నీళ్లన్నీ అన్ని గదుల్లోంచీ వెళ్తాయి. బేస్‌బోర్డ్ అంటే తిన్నగా ఉండే పైపే కాబట్టి నీళ్లకి అడ్డేమీ ఉండదు. కిక్‌స్పేస్ హీటర్ అలా కాదు. దాని గొట్టం అర అంగుళానిది, పైగా పెట్టెలోపల మెలికలు తిరిగి ఉంటుంది. కాంట్రాక్టర్ చెప్పినట్టు దాన్ని వరసలో కలిపేస్తే కింది అంతస్తు నీళ్లన్నీ ఆ సన్నటి మెలికల్లోంచి దూరి వెళ్లాలి. నీళ్ల వేగం పడిపోతుంది. వంటింటి తర్వాత ఉన్న గదులు ఇంతకుముందులా వేడెక్కవు. కొన్నాళ్లకి ఎవరో వచ్చి పంపు పాడైందంటారు, పంపు మారుస్తారు, చలి అలాగే ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎప్పుడైనా ఆ హీటర్ రిపేరుకొచ్చి దాని వాల్వులు మూస్తే కింది అంతస్తు మొత్తానికి వేడి ఆగిపోతుంది.

సరైన పద్ధతి ఇది. వంటింటి బేస్‌బోర్డ్ తీసేసిన చోట, బేస్‌మెంట్‌లోనే ముప్పావు అంగుళం పైపుతో వరసని నేరుగా కలిపేయాలి. అంటే పెద్ద పైపు ఎక్కడా తెగకుండా, సన్నబడకుండా సాగిపోవాలి. ఆ పైపు మీద కొంత దూరంలో రెండు టీలు, అంటే మూడు నోళ్లున్న పైపు ముక్కలు, వేసి, వాటి నుంచి అర అంగుళం పైపులు పైకి హీటర్‌లోకి తీసుకెళ్లాలి. ఆ టీల్లో కనీసం ఒకటి డైవర్టర్ టీ అయి ఉండాలి. బెల్ అండ్ గోసెట్ కంపెనీ పెట్టిన మోనోఫ్లో అనే పేరుతోనే ప్లంబర్లు దాన్ని పిలుస్తారు. దాని లోపల చిన్న అడ్డు ఉంటుంది. పెద్ద పైపులో వెళ్లే నీళ్లలో కొంత భాగాన్ని అది హీటర్ వైపు మళ్లిస్తుంది, మిగతాది తన దారిన పోతుంది. పెద్ద కాలవకి అడ్డం కట్టకుండా పక్కన తూము పెట్టి పొలానికి నీళ్లు తీసుకోవడం లాంటిది ఇది. మీ వంటిల్లు బేస్‌మెంట్ పైనే ఉంది కాబట్టి, అంటే హీటర్ ఆ పెద్ద పైపు కంటే ఎత్తులో ఉంది కాబట్టి, చాలాచోట్ల ఒక డైవర్టర్ టీ సరిపోతుంది. కానీ ఈ హీటర్ల గొట్టంలో అడ్డు ఎక్కువ కాబట్టి కంపెనీ కాగితంలో రెండు వెయ్యమని ఉంటే రెండూ వేయించండి. టీల మధ్య ఎంత దూరం ఉండాలన్నదీ ఆ కాగితంలోనే ఉంటుంది. టీకి దిశ ఉంటుంది, దాని మీది గుర్తు చూసి బిగించాలి. తిరగేసి బిగిస్తే హీటర్‌లోకి నీళ్లే రావు.

‘మరి వంటింటికి విడిగా ఒక జోన్, అంటే దానికి మాత్రమే వేడినీళ్లు వెళ్లే విడి లైను, దానికో థర్మోస్టాట్ పెట్టించుకోకూడదా, అత్తయ్యగారు లేచే వేళకి ఆ ఒక్క గదే వెచ్చబడుతుంది కదా’ అని మీకు అనిపించవచ్చు. ఈ సలహా ఇచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. మీ ఇంటికి నేను వద్దంటాను. పాత గ్యాస్ బాయిలర్‌కి మంటని తగ్గించుకోవడం రాదు. వెలిగితే పూర్తిగా వెలుగుతుంది, లేకపోతే ఆరిపోతుంది. 1,00,000 బీటీయూల బాయిలర్ 4,000 బీటీయూల గది కోసం వెలిగితే కాసేపట్లోనే నీళ్లు హద్దు దాకా వేడెక్కి, మంట ఆరిపోతుంది. మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది. గ్యాస్ వృథా, బాయిలర్ ఆయుష్షుకీ చేటు. దాని బదులు వంటింటిని కింది అంతస్తు జోన్‌లోనే ఉంచి, ఆ జోన్ థర్మోస్టాట్‌ని తెల్లవారుజామున నాలుగున్నరకి లేచేలా పెట్టండి. హాలు, డైనింగ్ కూడా కలిసి వెచ్చబడతాయి కాబట్టి బాయిలర్‌కి చేతినిండా పని ఉంటుంది. ఫ్యాను వల్ల వంటిల్లు మిగతా గదుల కంటే ముందే వేడెక్కుతుంది.

అలా ఒకే జోన్‌లో ఉంచినప్పుడు ఫ్యాను సంగతి ఒకటి చూసుకోవాలి. ఈ పెట్టెలో నీళ్ల వేడిని పసిగట్టే చిన్న స్విచ్ ఉంటుంది, ఆక్వాస్టాట్ అంటారు. నీళ్లు చాలినంత వేడెక్కితేనే అది ఫ్యానుని తిరగనిస్తుంది, కాళ్ల మీద చల్లగాలి కొట్టకుండా. చాలా మోడళ్లలో అది 110, 130 డిగ్రీల మధ్య ఎక్కడో ఉంటుంది. ముందుముందు కండెన్సింగ్ బాయిలర్ పెట్టే ఉద్దేశం ఉంటే తక్కువ వేడికే తిరిగే మోడల్ అడగండి, లేకపోతే నీళ్లు వస్తున్నా ఫ్యాను కదలదు. ఆక్వాస్టాట్‌కి తెలిసేది నీళ్ల వేడి మాత్రమే, గది వేడి కాదు. హాలుకి వేడి కావాలని బాయిలర్ వెలిగితే, వంటింట్లో పొయ్యి వల్ల అప్పటికే ఉక్కపోస్తున్నా ఈ ఫ్యాను కూడా తిరుగుతుంది. అందుకని ఫ్యాను వైరుని వంటింటి గోడ మీద పెట్టిన ఒక మామూలు థర్మోస్టాట్ గుండా తీసుకెళ్లమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. గది చాలినంత వెచ్చబడగానే ఫ్యాను ఆగిపోతుంది. ఇది చవకైన పని. గోడలు మూసేశాక చేయించాలంటే మాత్రం చవక కాదు.

కరెంటు గురించి ఇంకొక్క మాట. ఈ ఫ్యాను తీసుకునే కరెంటు చాలా తక్కువ, కాబట్టి దగ్గర్లో ఉన్న కౌంటర్ ప్లగ్గు నుంచి వైరు లాగేద్దామని అనిపిస్తుంది. అలా చెయ్యకూడదు. కౌంటర్ ప్లగ్గులకి వెళ్లే 20 ఆంప్ సర్క్యూట్ల మీద ఇలాంటివి కలపడాన్ని ఎలక్ట్రికల్ కోడ్ ఒప్పుకోదు. వేరే సర్క్యూట్ నుంచి తీసుకోవాలి. రిపేరుకి ఆపడానికి ఒక స్విచ్ అందుబాటులో ఉండాలి.

మీవారు చెప్పిన కరెంటు హీటర్ విషయానికి వస్తాను. పెట్టడం నిజంగానే తేలిక. పైపులు లేవు, టీలు లేవు. 1,500 వాట్లది 5,100 బీటీయూలు ఇస్తుంది, మీ గదికి చాలు. ఖర్చే ఆలోచించాల్సింది. గ్యాస్ బిల్లులో థర్మ్ అని ఉంటుంది, ఒక థర్మ్ అంటే 1,00,000 బీటీయూలు. మీ బాయిలర్ అందులో 80 శాతం ఇంట్లోకి ఇస్తోందనుకుంటే 80,000. అంత వేడే కరెంటుతో తెప్పించాలంటే 23 యూనిట్లకి పైనే కావాలి. మీ రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టుకుని ఒక థర్మ్ ధర, 23 యూనిట్ల ధర ఎంతో ఆయన్నే చూడమనండి. ఒక బాత్రూమ్‌కో, ఎప్పుడో వాడే గదికో అయితే నేనూ కరెంటుదే మేలంటాను. రోజంతా మనుషులు తిరిగే వంటింటికి, కింద బేస్‌మెంట్‌లో వేడినీళ్ల పైపు సిద్ధంగా ఉండగా, అది తగదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ 900 సీఎఫ్‌ఎం హుడ్. తాలింపు ఘాటు, వేపుడు పొగ ఇల్లంతా పట్టకూడదని మనవాళ్లు గట్టి హుడ్ కోరుకోవడం నాకు బాగా అర్థమవుతుంది. కానీ నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలిని బయటికి తోస్తే అంత గాలీ ఎక్కడి నుంచో లోపలికి రావాలి. బయట 10 డిగ్రీలున్నప్పుడు ఆ గాలిని 70కి వేడెక్కించడానికి గంటకి 58,000 బీటీయూలు కావాలి. మీ వంటింటికి కావలసిన వేడికి పది రెట్ల కంటే ఎక్కువ. ఏ కిక్‌స్పేస్ హీటరూ దాన్ని భర్తీ చెయ్యలేదు. హుడ్ వేసిన ప్రతిసారీ వంటిల్లు చల్లబడితే హీటర్‌ని తిట్టుకోవద్దు.

అంతకంటే ముఖ్యమైనది ప్రాణానికి సంబంధించినది. మీ బాయిలర్ పొగ దానంతట అదే చిమ్నీలోకి లేస్తుంది. హుడ్ అంత బలంగా గాలిని లాగితే, గాలి వచ్చే దారి దొరక్క, ఆ చిమ్నీలోంచే కిందికి లాక్కోవచ్చు. అప్పుడు బయటికి పోవలసిన పొగ బేస్‌మెంట్‌లోకి తిరిగి వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. అందుకే ఇలాంటి బాయిలర్ ఉన్న ఇంట్లో హుడ్ 400 సీఎఫ్‌ఎం దాటితే బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు, మేకప్ ఎయిర్ అంటారు, ఉండాలని ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ చెప్తోంది. నా మాట వింటే 400 లోపు హుడ్ తీసుకోండి. పొయ్యి కంటే కాస్త వెడల్పుగా, మరీ ఎత్తులో కాకుండా పెట్టించి, వెనక పొయ్యిల మీద తాలింపు వేసుకుంటే అది చాలా బాగా లాగుతుంది. 900దే కావాలంటే మేకప్ ఎయిర్ ఖర్చు కూడా ఇప్పుడే బడ్జెట్‌లో వేసుకోండి. రెండిట్లో ఏది ఎంచుకున్నా బేస్‌మెంట్‌లో, పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారంలు పని చేస్తున్నాయో లేదో ఈ వారమే చూడండి.

హీటర్ ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి విషయం. డిష్‌వాషర్, ఫ్రిజ్, స్టవ్ కింద చోటు ఉండదు. సింకు కేబినెట్ కింద పెట్టడం మామూలే, నిలబడేవాళ్ల కాళ్లు వెచ్చగా ఉంటాయి. కానీ అత్తయ్యగారికి షుగర్ ఉందన్నారు. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, వేడి తగులుతున్నా తెలియదు. మన ఇళ్లలో చెప్పులు లేకుండానే తిరుగుతాం. ఆవిడ గంటసేపు ఒకేచోట నిలబడే దగ్గర, పాదాలకి ఎదురుగా వేడిగాలి ఊదేలా పెట్టొద్దు. సింకుకి ఒక కేబినెట్ పక్కకి, నడిచే చోటువైపు గాలి వచ్చేలా పెట్టండి. గది వెచ్చగా ఉంటే కాళ్లూ వెచ్చగానే ఉంటాయి. వంటింట్లోనే దేవుడి అర ఉంటే గాలి దాని మీదికి పోకుండా చూసుకోండి, దీపం నిలవదు. హీటర్ పైనున్న కేబినెట్ లోపల కొంచెం వెచ్చగా ఉంటుంది. అందులో నూనెలు, నెయ్యి, పచ్చళ్లు పెట్టకండి, త్వరగా పాడవుతాయి. గిన్నెలు పెట్టుకోండి. జనవరిలో దోసెల పిండి పులియడానికి మాత్రం అంతకంటే మంచి చోటు దొరకదు.

కేబినెట్ల ఆర్డర్‌కి ముందే తేల్చుకోవలసింది ఎత్తు. హీటర్ ముందు జాలీ ఎత్తు 4 అంగుళాలకి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. కేబినెట్లు బిగించాక వాటి ముందు ముప్పావు అంగుళం చెక్క ఫ్లోరింగ్ వేస్తే 4 అంగుళాల ఖాళీ కాస్తా 3¼ అవుతుంది, హీటర్ పట్టదు. ఫ్లోరింగ్ ముందు వేస్తారా, తర్వాత వేస్తారా అన్నది ఇవాళే అడగండి. హీటర్ కొలతల కాగితాన్ని కేబినెట్ వాళ్ల చేతికి ఇవ్వండి.

పైపుల్లో మీరు కాగితం మీద రాయించుకోవలసినవి మూడున్నాయి. హీటర్‌కి రెండువైపులా బాల్ వాల్వులు ఉండాలి. చివరి ముక్క వంగే గొట్టం అయి ఉండాలి, అప్పుడే పెట్టెని ముందుకి లాగి శుభ్రం చెయ్యగలరు, లేకపోతే రిపేరుకి కేబినెట్ కొయ్యాల్సి వస్తుంది. ప్లాస్టిక్ పెక్స్ పైపు వాడేట్టయితే అది ఆక్సిజన్ బ్యారియర్ ఉన్నదే కావాలి. తాగేనీళ్లకి వాడే మామూలు పెక్స్ గోడలోంచి ఆక్సిజన్ లోపలికి దూరి, మీ పోత ఇనుము బాయిలర్‌నీ పంపునీ లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. పైకి చూస్తే రెండు పైపులూ ఒకేలా ఉంటాయి, అందుకే రాయించుకోమంటున్నాను. సింకు పైపులు బయటి గోడలో ఉంటే వాటిని కూడా ఇప్పుడే నేలలోంచి వచ్చేలా మార్పించండి. ఇన్నాళ్లూ ఆ గోడని బేస్‌బోర్డ్ వెచ్చగా ఉంచింది. రేపు అక్కడ కేబినెట్లు వచ్చాక గోడ చల్లబడి పైపులు గడ్డకట్టే ప్రమాదం ఉంది.

1964 ఇల్లు కాబట్టి పాత పెయింట్‌లో సీసం, నేల పలకల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. 1978కి ముందు కట్టిన ఇళ్లలో పెయింట్ కదిలించే కాంట్రాక్టర్‌కి అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ సర్టిఫికేషన్ తప్పనిసరి. అది అడగండి, కోత మొదలుపెట్టకముందే పరీక్ష చేయించండి. టౌన్‌షిప్ పర్మిట్ కూడా తీసుకోమనండి, ప్లంబింగ్‌కీ కరెంటుకీ రెండిటికీ.

పని ముగిసిన వెంటనే కేబినెట్ ముందు చెక్కపట్టీ బిగించనివ్వకండి. పైపుల్లోకి కొత్త నీళ్లు ఎక్కించినప్పుడు గాలి కూడా చేరుతుంది, ఎత్తులో ఉన్న ఈ హీటర్ గొట్టంలోనే అది ఆగుతుంది. గాలి ఉంటే గొట్టం సగం చల్లగా ఉంటుంది, గలగలమని చప్పుడొస్తుంది. హీటర్ మీదున్న చిన్న స్క్రూ తిప్పి గాలి వదలమనండి. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు దాని గేజిలో నీళ్ల ఒత్తిడి 12 పీఎస్‌ఐ దగ్గర ఉందో లేదో చూడండి. ఒక రాత్రంతా బాయిలర్ నడిపించి, తెల్లారి పైపుల కీళ్ల దగ్గర పేపర్ టవల్‌తో తుడిచి చూడండి. తడి లేకపోతే, వంటింటి తర్వాతి గదుల్లో బేస్‌బోర్డులు మునుపటిలా వేడిగా ఉంటే, అప్పుడు చెక్కపట్టీ బిగించి మిగిలిన డబ్బు ఇవ్వండి. ఆ తర్వాత ఏటా అక్టోబర్‌లో కరెంటు ఆపి, జాలీ తీసి, వ్యాక్యూమ్ పెట్టండి. వంటింట్లో నేల మీద పడిన పిండీ, ఆవాలూ, వెంట్రుకలూ ఆ ఫ్యాను లోపలికే లాగుతుంది.